ఇమెల్డాతో మాట్లాడాలి

2012 నవంబరులో ఒక రాత్రి పదకొండు దాటాక డబ్లిన్ నుంచి నా స్నేహితురాలు ఫోన్ చేసింది. మేమిద్దరం యూనివర్సిటీ హాస్టల్లో రెండేళ్ళు ఒకే గదిలో ఉన్నాం. తనది కంప్యూటర్స్, నాది తెలుగు. పెళ్ళయ్యాక ఐర్లండు వెళ్ళి అక్కడే ఉద్యోగంలో చేరింది. అప్పటికి తనకు నాలుగో నెల.

"ఇక్కడ మన ఇండియా అమ్మాయి చనిపోయిందే. పళ్ళ డాక్టరట. గర్భం నిలవదని డాక్టర్లే చెప్పారట. తీసెయ్యమని అడిగినా తియ్యలేదట. రేపు నాకేమన్నా అయితే ఏంటే? నువ్వు పుస్తకాలు చదువుతావు కదా, ఇక్కడి చట్టం ఏమిటో చదివి చెప్పు" అంది.

అప్పుడు నేను పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నాను. తెలుగు కథల్లో "కడుపు తీయించుకోవడం" ఎలా వచ్చిందన్నది నా పరిశోధనలో ఒక అధ్యాయం. మంత్రసాని, చెట్టు మందు, అర్ధరాత్రి బావి, పరువు. ఇవన్నీ కథల్లోనివి, పాత కాలంనాటివి అనుకుంటూ నోట్సు రాసుకుంటున్నాను. యూరప్‌లో, ఇంగ్లీషు మాట్లాడే ఒక సంపన్న దేశంలో, ఆధునికమైన ఆసుపత్రిలో, ముప్పై ఒక్కేళ్ళ చదువుకున్న స్త్రీకి ఇలా జరగడం నా అధ్యాయంలో ఎక్కడా ఇమడలేదు.

ఆమె పేరు సవితా హలప్పనవర్. కర్ణాటకలోని బెళగావి ఆమె పుట్టిల్లు. పదిహేడు వారాల గర్భంతో 2012 అక్టోబరు 21న గాల్వే నగరంలోని ఆసుపత్రికి వెళ్ళింది. గర్భం నిలవదని తేలింది. కానీ పిండం గుండె కొట్టుకుంటోంది కాబట్టి గర్భస్రావం చెయ్యడం కుదరదన్నారు. అక్టోబరు 28న ఆమె సెప్సిస్‌తో చనిపోయింది. "ఇది కాథలిక్ దేశం" అని తమతో అన్నారని ఆమె భర్త చెప్పాడు. ఆ మాట అన్నది తానేనని, వివరణ ఇవ్వడానికే అన్నానని ఒక మిడ్‌వైఫ్ తర్వాత విచారణలో ఒప్పుకుంది. తాను కాథలిక్కూ కాదు, ఐరిష్ స్త్రీ కూడా కాదని సవిత చెప్పుకుందని భర్త అన్నాడు. ఆ మాట పనికిరాలేదు. దేశం ఆమె పాస్‌పోర్టు చూడలేదు. ఆమె గర్భం తన హద్దుల్లో ఉందా లేదా అన్నదే చూసింది.

స్నేహితురాలి కోసం మొదలుపెట్టిన ఆ చదువు నన్ను చాలా దూరం తీసుకెళ్ళింది. ఇంటర్నెట్ వచ్చాక దేశాల సరిహద్దులు చెరిగిపోతున్నాయని, సాంకేతికతతో ముడిపడిన సమూహాలు జాతిరాజ్యాలకు సవాలుగా నిలుస్తున్నాయని సెమినార్లలో చాలా వింటుంటాం. ఆ చర్చల్లో ఎక్కువగా డబ్బు గురించో, ఉగ్రవాదం గురించో, ప్రవాసుల రాజకీయాల గురించో మాట్లాడతారు. ఆ సవాలును ఎంతో ముందే, ఇంటర్నెట్ లేని రోజుల్లోనే, ఒక టెలిఫోన్ నంబరుతో విసిరిన స్త్రీల గురించి ఎవరూ మాట్లాడరు. ఈ వ్యాసం వాళ్ళ గురించి.

అసలు జాతి అనేదే సాంకేతికత వల్ల పుట్టిందని బెనెడిక్ట్ ఆండర్సన్ తన "ఇమాజిన్డ్ కమ్యూనిటీస్"లో వాదించాడు. అచ్చుయంత్రం, వార్తాపత్రిక, నవల. ఒకరినొకరు ఎన్నడూ చూడని లక్షలమంది ఒకే పత్రిక చదువుతూ తామంతా ఒకటే అని ఊహించుకున్నారు. అలా ఊహించుకున్న దేశానికి చాలాచోట్ల స్త్రీ రూపం ఇచ్చారు. మనకు భారతమాత. ఐర్లండుకు కాథ్లీన్ నీ హూలిహాన్. యేట్స్, లేడీ గ్రెగరీ కలిసి 1902లో ఆ పేరుతో నాటకమే రాశారు. దేశం తల్లి అయినప్పుడు నిజంగా తల్లి కాబోయే స్త్రీ దేశానికి సరిహద్దు అవుతుంది. అక్కడ కాపలా పెడతారు. ఆండర్సన్ పుస్తకం 1983లో వచ్చింది. ఐర్లండు తన రాజ్యాంగానికి ఎనిమిదో సవరణ చేసుకున్నదీ ఆ ఏడాదే.

ఆ సవరణకు వెనక ఉన్న పాత చట్టం మనకు పరాయిది కాదు. గర్భస్రావాన్ని నేరం చేస్తూ బ్రిటిష్ పార్లమెంటు 1861లో చేసిన చట్టం ఐర్లండులో అమలైంది. అదే పాలకులు మనకు 1860లో ఇచ్చిన శిక్షాస్మృతిలో 312వ సెక్షను ఉండేది. ఇంగ్లండు తన కోసం 1967లో చట్టం మార్చుకుంది. మనం 1971లో వైద్య గర్భస్రావ చట్టం తెచ్చుకున్నాం. దానికి స్త్రీల హక్కుకంటే జనాభా లెక్కల భయమే ఎక్కువ కారణం అయినా సరే, తెచ్చుకున్నాం. స్వతంత్ర ఐర్లండు మాత్రం తెల్లదొరల చట్టాన్ని తన ఆత్మగా దాచుకుంది. 1983 సెప్టెంబరులో జరిగిన రెఫరెండంలో దాదాపు 67 శాతం ఓట్లతో, తల్లి ప్రాణానికీ గర్భస్థ శిశువు ప్రాణానికీ సమాన హక్కు అని రాజ్యాంగంలో రాసుకుంది.

అయితే అక్కడి స్త్రీలు అంతకు పన్నెండేళ్ళ ముందే సరిహద్దును పరీక్షించి చూశారు. ఐర్లండులో గర్భనిరోధకాల అమ్మకం, దిగుమతి 1935 నుంచి నేరం. ఉత్తర ఐర్లండు బ్రిటన్‌లో భాగం కాబట్టి అక్కడ దొరుకుతాయి. 1971 మే 22న ఐరిష్ స్త్రీ విముక్తి ఉద్యమానికి చెందిన స్త్రీలు డబ్లిన్‌లో రైలెక్కి బెల్‌ఫాస్ట్ వెళ్ళారు. గర్భనిరోధకాలు కొన్నారు. అయితే మాత్రలకు డాక్టరు చీటీ కావాలన్నారు. దాంతో ఆస్పిరిన్ మాత్రలు కొని, తిరిగొచ్చాక డబ్లిన్ స్టేషన్లో కస్టమ్స్ వాళ్ళ ఎదురుగా అవే గర్భనిరోధక మాత్రలన్నట్టు మింగి చూపించారు. కస్టమ్స్ వాళ్ళు ఏమీ చెయ్యలేకపోయారు. తలనొప్పి మాత్రతో ఒక రాజ్యాన్ని నవ్వులపాలు చెయ్యడం నాకు చాలా ఇష్టమైన సన్నివేశం.

1983 తర్వాత నవ్వడానికి ఏమీ మిగల్లేదు. గర్భస్రావమే కాదు, దాని గురించిన సమాచారం కూడా నేరమైంది. ఇంగ్లండు క్లినిక్కుల చిరునామాలు ఇవ్వకూడదని కోర్టులు 1986లోనూ 1988లోనూ డబ్లిన్‌లోని రెండు స్త్రీల సలహా కేంద్రాలను కట్టడి చేశాయి. తమ గైడ్లలో లండన్ ఫోన్ నంబర్లు అచ్చువేసినందుకు విద్యార్థి సంఘాల మీద కేసు పెట్టారు. వాళ్ళ తరపున వాదించిన లాయరు మేరీ రాబిన్సన్ ఆ మరుసటి ఏడాదే, 1990లో, దేశాధ్యక్షురాలిగా ఎన్నికైంది. స్త్రీల పత్రికలు ఐర్లండు ప్రతుల్లో ఆ ప్రకటనల చోటు ఖాళీగా వదిలేశాయి. డబ్లిన్ గ్రంథాలయాల్లోంచి "అవర్ బాడీస్, అవర్సెల్వ్స్" పుస్తకం తీసేశారు.

ఆ పుస్తకం సంగతి ఇక్కడ చెప్పాలి. 1970లో బోస్టన్‌లో కొందరు స్త్రీలు తమ శరీరాల గురించి తామే తెలుసుకుని వేసుకున్న చిన్న పుస్తకం అది. అక్కణ్ణుంచి ఎన్నో భాషల్లోకి వెళ్ళింది. హైదరాబాదులో స్త్రీశక్తి సంఘటన 1991లో తెచ్చిన "సవాలక్ష సందేహాలు" ఆ తోవలో వచ్చిందే. మా హాస్టల్లో ఆ పుస్తకం అట్ట లేకుండా, పేజీలు మడతలు పడి, గది నుంచి గదికి తిరుగుతుండేది. పరీక్షలముందు గైడు దొరకనంత కష్టంగా దొరికేది. ఐర్లండులో గ్రంథాలయం నుంచి తొలగించిన జ్ఞానమే మాకు తెలుగులో దిండు కింద ఉండేది. సరిహద్దులు లేని సమూహం అంటే నాకు మొదట గుర్తొచ్చేది ఆ దిండు కింది పుస్తకమే. రాసినవాళ్ళకు మేం తెలియదు, మాకు వాళ్ళు తెలియరు. అయినా ఒకే ప్రశ్న అడుగుతున్నాం.

సమాచారం నేరమైనప్పుడు ఐరిష్ స్త్రీలకు మిగిలింది టెలిఫోను. లండన్‌లో స్థిరపడిన ఐరిష్ స్త్రీలు 1980ల మొదట్లో ఒక సహాయ బృందంగా ఏర్పడ్డారు. ఐర్లండు నుంచి ఒంటరిగా పడవెక్కి వచ్చే స్త్రీలను స్టేషన్లో కలుసుకోవడం, తమ ఇళ్ళల్లో పడుకోబెట్టడం, క్లినిక్కుకు వెంట వెళ్ళడం, డబ్బు తక్కువైతే పోగుచెయ్యడం వాళ్ళ పని. ఆ బృందంలో పనిచేసిన ఆన్ రోసిటర్ 2009లో ఈ చరిత్రను పుస్తకంగా రాసింది. ఫోనులో "అబార్షన్" అనే మాట రాకుండా ఒక పేరు పెట్టుకున్నారు. ఇమెల్డా. ఇంట్లో వాళ్ళు పక్కనే ఉన్నా, వీధి చివర ఫోను బూత్ బయట ఎవరో నిలబడి ఉన్నా, ఇమెల్డా గురించి అడిగితే ఎవరికీ అనుమానం రాదు. ఎవరో స్నేహితురాలు, ఎవరో కజిన్.

1980 నుంచి 2016 మధ్య ఐర్లండు చిరునామా ఇచ్చి బ్రిటన్‌లో గర్భస్రావం చేయించుకున్న స్త్రీల సంఖ్య 1,70,000కు పైగా అని బ్రిటిష్ ప్రభుత్వ లెక్కలు చెప్తున్నాయి. తప్పుడు చిరునామా ఇచ్చినవాళ్ళు ఈ లెక్కలో లేరు. ఇంతమంది వెళ్ళొచ్చినా దేశం మాత్రం తన నేలమీద గర్భస్రావాలే లేవని గర్వంగా చెప్పుకోగలిగింది. సరిహద్దు దాటడం రాజ్యానికి సవాలు నిజమే. కానీ అది రాజ్యానికి సౌకర్యం కూడా. ఈ రెండో సంగతి గ్రహించడానికి నాకు చాలా కాలం పట్టింది. మురికి అంతా పక్కింటి పెరట్లో పోసి తన వాకిలికి ముగ్గు పెట్టుకున్నట్టు.

1992లో ఆ ముగ్గు చెదిరింది. పొరుగింటి మనిషి అత్యాచారం చెయ్యడంతో పద్నాలుగేళ్ళ పిల్ల గర్భవతి అయింది. తల్లిదండ్రులు ఆమెను ఇంగ్లండు తీసుకెళ్ళారు. పిండం డీఎన్ఏ సాక్ష్యంగా పనికొస్తుందా అని పోలీసులను అడగడమే వాళ్ళ తప్పయింది. అటార్నీ జనరల్ కోర్టుకు వెళ్ళాడు. ఆ పిల్ల దేశం విడిచి వెళ్ళకూడదని హైకోర్టు ఇంజంక్షను ఇచ్చింది. న్యాయం కోసం రాజ్యాన్ని నమ్మి అడిగిన కుటుంబానికి రాజ్యం ఇచ్చిన జవాబు అది. వీధుల్లోకి వేలమంది వచ్చారు. ఆత్మహత్య చేసుకునే ప్రమాదం కూడా ప్రాణాపాయమే అని సుప్రీంకోర్టు ఇంజంక్షను ఎత్తేసింది. ఆ నవంబరులోనే జరిగిన రెఫరెండంలో దేశం దాటి వెళ్ళే స్వేచ్ఛ, సమాచారం పొందే స్వేచ్ఛ రెండూ గెలిచాయి. ఫోన్ నంబరు ఇక నేరం కాదు. గర్భస్రావం మాత్రం నేరమే. అంటే, మీరు వెళ్ళవచ్చు, మేం చూడనట్టు ఉంటాం అని రాజ్యాంగమే రాసిచ్చింది.

తర్వాత వచ్చింది ఓడ. డచ్ డాక్టరు రెబెక్కా గోంపెర్ట్స్ అంతకుముందు గ్రీన్‌పీస్ ఓడలో వైద్యురాలిగా పనిచేసింది. 1999లో ఆమె "విమెన్ ఆన్ వేవ్స్" అనే సంస్థ పెట్టింది. ఆలోచన తేలికైనది. తీరానికి పన్నెండు నాటికల్ మైళ్ళు దాటితే అంతర్జాతీయ జలాలు. అక్కడ ఓడ మీద ఏ దేశపు జెండా ఉంటే ఆ దేశపు చట్టం చెల్లుతుంది. డచ్ జెండా ఉన్న ఓడలో డచ్ చట్టం. దేశాలు తమ కోసం కల్పించుకున్న నియమాన్నే స్త్రీల కోసం వాడటం అన్నమాట. 2001 జూన్‌లో మొదటి ఓడ డబ్లిన్ చేరింది. నెదర్లండ్స్‌లో అనుమతి పత్రం చిక్కుపడటంతో ఆ ప్రయాణంలో ఒక్క మాత్రా ఇవ్వలేకపోయారు. విఫలమైందనే పత్రికలు రాశాయి. 2004లో పోర్చుగల్ వెళ్తే ఆ ప్రభుత్వం మందుల పెట్టె ఉన్న ఓడ మీదికి యుద్ధనౌకలను పంపి అడ్డగించింది. గోంపెర్ట్స్ పోర్చుగీసు టీవీలో కూర్చుని, మందుల షాపులో అల్సర్‌కి అమ్మే మిసోప్రోస్టాల్ మాత్రతో గర్భస్రావం ఎలా జరుగుతుందో వివరించింది. యుద్ధనౌకలు మాటను ఆపలేకపోయాయి. 2007లో పోర్చుగల్ రెఫరెండం తర్వాత చట్టం మార్చుకుంది. ఓడను ఆపడం భావప్రకటనా స్వేచ్ఛకు భంగమని 2009లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు తీర్పిచ్చింది.

ఓడ చేసిన అసలు పని ఏమిటంటే, ఓడ అక్కర్లేదని చూపించడం. 2005లో గోంపెర్ట్స్ బృందం "విమెన్ ఆన్ వెబ్" ప్రారంభించింది. ఇంటర్నెట్‌లో ప్రశ్నలకు జవాబులిస్తే డాక్టరు చూసి మాత్రలు పోస్టులో పంపుతారు. ఉత్తర, దక్షిణ ఐర్లండుల నుంచి 2010కీ 2015కీ మధ్య 5,650 మంది స్త్రీలు అలా అడిగారని ఒక పరిశోధన లెక్క తేల్చింది. అలా మాత్రలు వాడిన వెయ్యిమంది గురించి 2017లో వచ్చిన మరో పరిశోధన, దాదాపు 95 శాతం మందికి ఆపరేషన్ అవసరం లేకుండానే గర్భస్రావం పూర్తయిందని చెప్పింది. దక్షిణాన కస్టమ్స్ వాళ్ళు పొట్లాలు పట్టుకుంటారని స్త్రీలు ఉత్తరాది చిరునామాలకు తెప్పించుకుని, సరిహద్దు దాటి తెచ్చుకునేవాళ్ళు. 2014 అక్టోబరు 28న, సవిత చనిపోయిన రోజున, కొందరు స్త్రీలు మళ్ళీ డబ్లిన్ నుంచి బెల్‌ఫాస్ట్‌కు రైలెక్కారు. నలభై మూడేళ్ళ కిందటి అదే పట్టాల మీద. ఈసారి తెచ్చినవి ఆస్పిరిన్ కావు.

ఇంతవరకూ చదివితే ఇది గెలుపు కథలా ఉంటుంది. నేనూ అలాగే రాసుకున్నాను. ఆ కాగితాలు స్నేహితురాలికి పంపితే తను ఒక్క ప్రశ్న అడిగింది. "ఇవన్నీ ఉంటే మరి సవితను ఎందుకు కాపాడలేకపోయాయి?"

నిజమే. 2012లో ఫోను ఉంది, ఇంటర్నెట్ ఉంది, మాత్రలు ఉన్నాయి, లండన్ విమానం గంట ప్రయాణం. ఆసుపత్రి మంచం మీద జ్వరంతో వణుకుతున్న స్త్రీకి వాటిలో ఏదీ అక్కరకు రాలేదు. ఆమెకు కావలసింది ఆ క్షణాన పక్కనే ఉన్న డాక్టరు చట్టానికి భయపడకుండా నిర్ణయం తీసుకోవడం. సరిహద్దు లేని సమూహం సమాచారం పంపగలదు, మాత్ర పంపగలదు, డబ్బు పంపగలదు. ఆపరేషన్ థియేటరు పంపలేదు. 2014లో మరొక స్త్రీ కథ బయటికొచ్చింది. తన దేశంలో అత్యాచారానికి గురై ఐర్లండుకు శరణార్థిగా వచ్చింది. ప్రయాణపత్రాలు లేక ఇంగ్లండు వెళ్ళలేకపోయింది. చివరికి ఆమెకు సిజేరియన్ చేసి బిడ్డను తీశారు. సరిహద్దు అందరికీ ఒకే ఎత్తులో ఉండదు. పాస్‌పోర్టు, డబ్బు, సెలవు, ఇంగ్లీషు ఉన్నవాళ్ళకు అది గడప. లేనివాళ్ళకు గోడ. ఆ గోడ పడాలంటే మార్చవలసింది దేశం చట్టాన్నే.

2018 మే 25న ఎనిమిదో సవరణ రద్దు మీద రెఫరెండం జరిగింది. విదేశాల్లో ఉన్న ఐరిష్ పౌరులకు పోస్టల్ ఓటు దాదాపు లేదు. ఓటు వెయ్యాలంటే ఇంటికి రావాలి. లండన్ నుంచి పడవల్లో, ఇంకా దూరాల నుంచి విమానాల్లో వచ్చారు. టికెట్లకు డబ్బులేని వాళ్ళకు ముక్కూమొహం తెలియని వాళ్ళు ఇంటర్నెట్‌లో చందాలు వేసి సాయం చేశారు. ఒకప్పుడు స్త్రీలు రహస్యంగా వెళ్ళిన దారిలో ఇప్పుడు బాహాటంగా తిరిగొచ్చారు. బెళగావి నుంచి సవిత తండ్రి తన కూతురిని తలుచుకుని "అవును" అని ఓటెయ్యమని వీడియోలో వేడుకున్నాడు. 66.4 శాతం "అవును" అన్నారు. 2019 జనవరి 1 నుంచి పన్నెండు వారాల వరకు గర్భస్రావం చట్టబద్ధమైంది.

నా స్నేహితురాలికి ఆ రోజు ఓటు లేదు. ఆమె ఐరిష్ పౌరురాలు కాదు. పన్ను కట్టింది, అక్కడే ఆడపిల్లను కన్నది, ఆ సవరణ నీడలో తొమ్మిది నెలలూ భయంభయంగా గడిపింది. దేశం చట్టం ఆమె గర్భం మీద చెల్లింది కానీ ఆమె మాట దేశం మీద చెల్లలేదు. పోలింగు బూత్ బయట నిలబడి, లోపలికి వెళ్ళే ఆడవాళ్ళను చూస్తూ ఏడ్చానని చెప్పింది.

సరిహద్దు లేకపోవడం స్త్రీలకొక్కరికే దక్కిన వరం కాదన్నది కూడా ఆ ఎన్నికలోనే తెలిసింది. గర్భస్రావాన్ని వ్యతిరేకించే విదేశీ బృందాలు ఐరిష్ ఓటర్లకు ఇంటర్నెట్ ప్రకటనలు చూపించాయి. రెఫరెండానికి రెండు వారాల ముందు ఫేస్‌బుక్ విదేశీ ప్రకటనలను, గూగుల్ మొత్తం రెఫరెండం ప్రకటనలనూ ఆపేశాయి. ఒక దేశపు ఎన్నికలో ఏది కనిపించాలో ఏది కనిపించకూడదో రెండు కంపెనీలు తేల్చాయి. మనకు అనుకూలమైనా కాకపోయినా అది భయపడవలసిన సంగతే.

మన దేశంలో అయితే ఈ బొమ్మ పూర్తిగా తిరగబడుతుంది. లింగ నిర్ధారణను, దాని ప్రకటనలను నిషేధిస్తూ 1994లో మనం చట్టం చేసుకున్నాం. స్త్రీల ఉద్యమం పోరాడి తెచ్చుకున్న చట్టం అది. ఆ ప్రకటనలు ఇంటర్నెట్‌లో కనిపిస్తున్నాయని డాక్టర్ సాబూ జార్జ్ 2008లో గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్‌ల మీద సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. ఫిర్యాదులు తీసుకునే నోడల్ ఏజెన్సీ పెట్టమని, ఫిర్యాదు అందిన 36 గంటల్లో ప్రకటన తీసెయ్యాలని కోర్టు 2016లో చెప్పింది. ఇక్కడ సరిహద్దు లేని సాంకేతికత ఆడపిల్లకు వ్యతిరేకంగా నిలబడింది. జాతిరాజ్యం చట్టం ఆమె పక్షాన నిలబడింది. అందుకే "సరిహద్దులు చెరిగిపోవాలి" అని గబగబా అనలేను. ఎవరికోసం, ఎవరి చేతుల్లో అని అడగాలి.

ఇక నా సంగతి. 2019లో నాకు గర్భస్రావం అవసరమైంది. కారణం నాది. హైదరాబాదులో ఒక నర్సింగ్ హోమ్‌కు వెళ్ళాను. కౌంటర్లో ఉన్నామె ఫారం నా ముందు పెట్టి, "మీ వారి సంతకం కావాలమ్మా" అంది. మన 1971 చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ళు నిండిన స్త్రీ సమ్మతి ఒక్కటి చాలు. భర్తది అక్కర్లేదు. ఐర్లండు తీర్పులు తేదీలతో సహా తెలిసిన నేను ఆ మాట అనలేకపోయాను. వెనక లైన్లో మనుషులున్నారు. ఆమె నావైపు చూస్తోంది. ఫోన్ తీసి మా ఆయన్ని పిలిచాను. ఆయన వచ్చి మంచిగానే సంతకం పెట్టాడు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. చట్టం మారాక కూడా కౌంటర్ దగ్గర ఒక సరిహద్దు మిగిలే ఉంటుంది. దాన్ని దాటించడానికి ఓడలు రావు.

ఆ రాత్రి మా హాస్టల్ స్నేహితుల వాట్సాప్ గుంపులో అంతా రాశాను. అందులో మేం తొమ్మిదిమందిమి. హైదరాబాదు, విశాఖ, డబ్లిన్, మస్కట్, డల్లస్. తెల్లారేసరికి ముగ్గురు తమకూ ఇలాగే జరిగిందని రాశారు. ఒకామె చట్టంలోని ఆ వాక్యాన్ని తెలుగులోకి మార్చి ఫోటో తీసి పెట్టింది. ఇప్పుడు అది మా అందరి ఫోన్లలో ఉంది. ఆ తర్వాత మా చెల్లెలు వరసయ్యే అమ్మాయి అదే ఫోటో ఇంకో ఆసుపత్రిలో చూపించి సంతకం లేకుండా పని పూర్తిచేసుకుంది. ఇమెల్డా కథ కూడా ఆ గుంపులోనే చెప్పాను. అందరికీ నచ్చింది.

2022 జూన్ 24న అమెరికా సుప్రీంకోర్టు గర్భస్రావ హక్కును కొట్టేసింది. టెక్సస్‌లో అంతకుముందే, 2021 సెప్టెంబరు నుంచి, గర్భస్రావానికి సాయపడిన వారి మీద ఎవరైనా దావా వెయ్యవచ్చని, గెలిస్తే కనీసం 10,000 డాలర్లు వస్తాయని చట్టం ఉంది. గోంపెర్ట్స్ 2018లో అమెరికా స్త్రీల కోసం పెట్టిన "ఎయిడ్ యాక్సెస్" మొదట్లో మన దేశంలోని మందుల వ్యాపారి ద్వారానే మాత్రలు పంపేది. ఫోను రెండువైపులా పదునున్న కత్తి అని కూడా అప్పుడే తెలిసింది. నెబ్రాస్కాలో ఒక తల్లీకూతుళ్ళు ఫేస్‌బుక్‌లో రాసుకున్న సందేశాలు వారెంటుతో పోలీసుల చేతికి వెళ్ళాయి. 2023లో తల్లికి రెండేళ్ళ జైలు పడింది.

ఆ ఏడాదే ఒక ఉదయం మా గుంపు తెరిస్తే డల్లస్ స్నేహితురాలి పేరు కింద వరసగా నాలుగు గీతలు. సందేశం తొలగించబడింది, తొలగించబడింది, తొలగించబడింది, తొలగించబడింది. ఎవరం ఏమీ రాయలేదు. తొమ్మిదిమంది, నాలుగు దేశాలు, ఒక్కరూ మాట్లాడలేదు. కాసేపటికి నాకు ఫోన్ వచ్చింది. అటునుంచి ఊపిరి వినిపిస్తోంది. వెనక ఎవరో పిల్లలు, టీవీ చప్పుడు.

"ఏమే, ఇమెల్డా ఉందా?" అంది.

తన కథ తనది, ఇక్కడ రాయను. ఐర్లండులో ఒక చట్టం పోవడానికి ముప్పై అయిదేళ్ళు పట్టిందని, అప్పటిదాకా ఎవరో ఒకరు ఫోన్ ఎత్తుతూనే ఉన్నారని మాత్రం నాకు తెలుసు. ఉంది, చెప్పవే అన్నాను.